పాత బండి స్టాండు ఊగుతోందా, ఎగిరెగిరి కొట్టుకుంటోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ పాత బండి అంటే కాస్ట్ ఐరన్ ఇంజను బుల్లెట్, మైసూరులో తయారైన జావా, యెజ్డీ, ఆ తర్వాత రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 లాంటివి. కొలతలు బండి బండికీ మారతాయి గానీ జబ్బులు మాత్రం అన్నిటికీ ఒకటే. స్టాండులో చూడాల్సినవి మూడు: అది తిరిగే బోల్టు, అది ఆగే స్టాపర్, దాన్ని లాగే స్ప్రింగు. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. పని మాత్రం ఆ వరస తిప్పి చేయాలి: ముందు బోల్టు, తర్వాత స్టాపర్, చివరికి స్ప్రింగు.

గతుకుల్లో బండి కింద టకటకమంటోంది. అది స్టాండేనని ఎలా తెలుస్తుంది?

పాత సైకిల్ ట్యూబును రెండు వేళ్ల వెడల్పు పట్టీగా కోసి, మెయిన్ స్టాండును పైకెత్తి ఫ్రేముకు గట్టిగా కట్టండి. పట్టీ సైలెన్సరుకు, చైనుకు దూరంగా ఉండాలి. రోజూ చప్పుడు వచ్చే రోడ్డు మీదే, రోజూ వెళ్లే వేగంతోనే వెళ్లి రండి. చప్పుడు పోతే స్టాండే. పోకపోతే స్టాండును వదిలేసి చైను వదులు, చైన్ కవరు, సైలెన్సరు క్లాంపు, టూల్‌బాక్సు మూత వరసగా చూడండి. సైడ్ స్టాండుకు కూడా ఇదే పరీక్ష చేయాలి. రెండూ ఒకేసారి కడితే ఏది దొంగో తేలదు, అందుకని ఒక్కొక్కటిగా కట్టండి.

ఇంకో గుర్తు: స్టాండు తగిలే చోట పెయింటు లేచిపోయి ఇనుము మెరుస్తుంటుంది. జావా, యెజ్డీల్లో రెండు వైపులా సైలెన్సర్లు కాబట్టి వాటి అడుగున నొక్కులు పడ్డాయేమో చూడండి.

కొత్త స్ప్రింగు వేసినా కొన్నాళ్లకే మళ్లీ ఎగురుతోంది. ఎందుకు?

ఎందుకంటే జబ్బు స్ప్రింగులో లేదు. స్టాండు పైకి వెళ్లేకొద్దీ స్ప్రింగు పొట్టిదవుతుంది, అంటే దాని లాగుడు తగ్గుతుంది. స్టాండు ఎక్కడ ఆగాలో చెప్పేది స్టాపర్. ఆ స్టాపర్ మీది రబ్బరు ఊడిపోయినా, ఇనుము అరిగినా, స్టాండు ఉండాల్సిన దానికంటే పైకి పోతుంది. అక్కడ స్ప్రింగుకు పట్టు చాలదు. గతుకు రాగానే స్టాండు కిందికి జారి, మళ్లీ ఎగిరి ఇనుముకే కొట్టుకుంటుంది. ఆ దెబ్బలకు స్టాపర్ ఇంకా అరుగుతుంది, స్ప్రింగు ఇంకా వదులవుతుంది.

ఉదాహరణకు స్ప్రింగు అసలు పొడవు 105 మి.మీ. అనుకుందాం. రబ్బరు ఉన్నప్పుడు రెండు కొక్కేల మధ్య దూరం 118 మి.మీ. ఉంటే స్ప్రింగు 13 మి.మీ. సాగి ఉన్నట్టు. రబ్బరు పోయి ఆ దూరం 110కి దిగితే సాగుడు 5 మి.మీ. మాత్రమే. దానితో అంత బరువైన ఇనుప స్టాండు నిలబడదు. తిరిగే బోల్టు అరిగినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే స్టాండు మొత్తం స్ప్రింగు వైపు జరిగిపోతుంది.

స్ప్రింగు బాగుందో లేదో ఎలా కొలవాలి?

విప్పి బల్ల మీద పెట్టండి. లాగే స్ప్రింగుకు చుట్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉండాలి. విప్పి పెట్టినప్పుడు కూడా చుట్ల మధ్య వెలుతురు కనిపిస్తే అది సాగి చచ్చిపోయినట్టే, మార్చాలి. తర్వాత ఒక కొక్కెం లోపలి అంచు నుంచి రెండో కొక్కెం లోపలి అంచు దాకా కొలవండి. స్టాండును పైకెత్తి పట్టుకుని బండి మీద కొక్కేలు తగిలే రెండు చోట్ల మధ్య దూరం కొలవండి. ఈ సైజు స్ప్రింగులకు రెండింటి తేడా 10 మి.మీ. కంటే తక్కువ ఉండకూడదు.

కొక్కెం లోపలి వంపును గోటితో తడమండి. గాడి పడి ఉంటే వైరు సగం తెగినట్టే లెక్క. ఎప్పటికైనా తెగేది అక్కడే.

పాత స్ప్రింగును రెండు చుట్లు కోసి పొట్టి చేస్తే సరిపోదా?

వద్దు. కోశాక కొత్త కొక్కెం వంచాలంటే వైరును ఎర్రగా కాల్చాలి. కాల్చిన చోట స్ప్రింగు గుణం పోయి మామూలు తీగ అవుతుంది. అది సాగిపోతుంది, లేదా మెడ దగ్గర విరుగుతుంది. పెద్ద బండి స్ప్రింగు తెచ్చి వేయడమూ అంతే. లాగుడు మరీ ఎక్కువైతే కొక్కెం తగిలే చెవి తెగుతుంది, బోల్టు రంధ్రం ఒకవైపే తొందరగా అరుగుతుంది. సైడ్ స్టాండయితే బండి కాస్త ముందుకు కదిలినా టపీమని పైకి ముడుచుకుంటుంది, బండి మీ మీద పడుతుంది.

బోల్టు, రంధ్రం అరిగాయని ఎలా తెలుస్తుంది?

మెయిన్ స్టాండును సగం దించి, చివర పట్టుకుని కుడికీ ఎడమకీ ఊపండి. ఇంకో చేతి వేలిని బోల్టు దగ్గర పెట్టండి. స్టాండుకూ ఫ్రేముకూ మధ్య కదలిక వేలికి తెలుస్తుంది. ఆ ఆట ఒక మిల్లీమీటరు దాటితే విప్పాల్సిందే.

సైడ్ స్టాండులో ఇది మరీ ముఖ్యం. ఫ్రేము చెవిని (స్టాండు బోల్టు దిగేందుకు ఫ్రేముకు ఉండే ఇనుప ముక్కను) పట్టుకునే దవడ వెడల్పు 20 మి.మీ., కాలు పొడవు 250 మి.మీ. అనుకోండి. పైన ఒక్క మిల్లీమీటరు ఆట ఉంటే కింద పాదం దగ్గర 12 మి.మీ. ఊగుతుంది. బండి రోజురోజుకీ ఎక్కువ ఒరుగుతోందంటే చాలాసార్లు కాలు వంగలేదు, పైన అరిగిందని అర్థం.

విప్పాక వెర్నియరుతో బోల్టును మూడు చోట్ల కొలవండి: తల దగ్గర, మధ్యలో, నట్టు దగ్గర. స్టాండు తిరిగిన చోట నడుము సన్నబడి ఉంటుంది. రంధ్రాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలవండి. గుండ్రంగా ఉండాల్సింది చింతగింజ ఆకారంలోకి వచ్చి ఉంటుంది. రెండు కొలతల తేడా అర మిల్లీమీటరు దాటితే బోల్టు ఒక్కటీ మార్చి లాభం లేదు, బుష్ (రంధ్రంలో బిగించే గొట్టం లాంటి లోహపు తొడుగు) వేయించాలి.

మెయిన్ స్టాండు విప్పేటప్పుడు బండిని దేని మీద నిలబెట్టాలి?

ముందు చక్రాన్ని గోడకు ఆనించి, ముందు బ్రేకు లివరును ట్యూబు పట్టీతో కట్టేయండి. ఇంజను కింద మందపాటి చెక్క, దాని కింద కారు జాకీ. బుల్లెట్‌కు ఇంజను కింద ఫ్రేము గొట్టాలు ఉండవు. అందుకని జాకీ తల నేరుగా ఇంజను కేసుకు తగలకూడదు, అల్యూమినియం చిట్లుతుంది. చెక్క వెడల్పుగా ఉండి బరువును పంచాలి. పైన దూలానికో గట్టి కిటికీ కమ్మీకో రెండు వైపులా తాళ్లు కట్టండి. 160 కిలోలకు పైగా తూగే బండి ఇది, ఒరిగాక పట్టుకుందాంలే అనుకుంటే కుదరదు. పెట్రోలు ట్యాప్ మూసేయండి.

బుష్ పని లేతు షాపులో ఏమని చెప్పి చేయించాలి?

ఈ పని ఆటోనగర్ లాంటి చోట ఏ లేతు షాపులోనైనా అవుతుంది. సరిగ్గా చెప్పకపోతే మాత్రం "రంధ్రం పెద్దది చేసి లావు బోల్టు వేసేస్తా" అంటారు. అది ఒప్పుకోవద్దు. ఫ్రేము చెవి రంధ్రం కూడా పెద్దది చేయాల్సి వస్తుంది, ఇంకోసారి అరిగితే అక్కడ ఇనుమే మిగలదు.

స్టాండును కిరోసిన్‌తో కడిగి, మట్టి, పాత గ్రీజు లేకుండా తీసుకెళ్లండి. పాత బోల్టు, నట్టు, వాషర్లు అన్నీ వెంట ఉండాలి. చేయాల్సింది ఇది:

1. ముందు కొత్త బోల్టు సంపాదించండి. బుష్ కొలత దాన్ని బట్టే ఉంటుంది.
2. స్టాండు రంధ్రాన్ని గుండ్రంగా వచ్చేదాకా పెద్దది చేయించండి. బోల్టు 12 మి.మీ. అయితే రంధ్రం 16 లేదా 17 దాకా వెళ్లవచ్చు. చుట్టూ కనీసం 4 మి.మీ. ఇనుము మిగలాలి.
3. రెండు వైపుల రంధ్రాలూ ఒకే బిగింపులో, ఒకే వరసలో తొలచాలి. ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా తొలిస్తే రెండూ ఎదురెదురుగా రావు. బోల్టు సుత్తితో కొడితేగానీ దిగకపోతే అక్కడే తప్పు జరిగినట్టు.
4. బుష్ బయటి కొలత రంధ్రం కంటే 0.02 నుంచి 0.03 మి.మీ. ఎక్కువ ఉండాలి. వైసులో (బల్లకు బిగించే ఇనుప పట్టులో) పెట్టి నొక్కితే బిగుతుగా దిగాలి.
5. నొక్కాక బుష్ లోపలి రంధ్రం కాస్త కుంచించుకుపోతుంది. అందుకే చివరి రీమరు (రంధ్రాన్ని సరైన కొలతకు నున్నగా తొలిచే పనిముట్టు) నొక్కిన తర్వాతే వేయించండి. బోల్టుకూ బుష్‌కూ మధ్య 0.1 నుంచి 0.15 మి.మీ. ఖాళీ చాలు.

బుష్ దేనితో? మెయిన్ స్టాండుకు గన్‌మెటల్ (రాగి, తగరం కలిపిన లోహం) బాగుంటుంది. సైడ్ స్టాండుకు ఈఎన్ 8 అనే రకం ఉక్కు కడ్డీ మేలు, ఎందుకంటే అక్కడ బరువంతా బుష్ అంచు మీద పడుతుంది, గన్‌మెటల్ అంచు నలిగిపోతుంది. వీలైతే బుష్ మధ్యలోకి 3 మి.మీ. రంధ్రం వేయించి, బయట గ్రీజు నిపుల్ (గ్రీజు గన్ను తగిలించే చిన్న ముక్కు) పెట్టించండి. కంపెనీ పెట్టకపోయినా మనం పెట్టుకోవచ్చు.

బోల్టు ఎలాంటిది కొనాలి?

తల నుంచి కొస దాకా మరలున్న బోల్టు వేయకండి. స్టాండు ఊగడానికి అతి మామూలు కారణం ఇదే. మరలు బుష్ లోపల ఆకురాయిలా పనిచేస్తాయి, కొత్త బుష్‌ను కూడా కొరికేస్తాయి. స్టాండు తిరిగే పొడవంతా నున్నగా ఉండి, మరలు నట్టు దగ్గర మాత్రమే మొదలవ్వాలి. తల మీద 8.8 అని (బోల్టు బలాన్ని చెప్పే గ్రేడు) అచ్చు ఉన్నది తీసుకోండి. సరైన పొడవు దొరక్కపోతే పొడుగుది కొని నున్నటి భాగం సరిపడేలా కొసను కోయించండి.

బుల్లెట్ వాళ్లకు ఒక మాట. పాత బుల్లెట్లలో చాలాచోట్ల ఉన్నవి మిల్లీమీటరు మరలు కాదు, బ్రిటిష్ కొలతల మరలు. పాత నట్టును చేతిలో పెట్టుకుని షాపుకు వెళ్లండి. చేత్తో తిప్పితే నట్టు నాలుగైదు చుట్లు దానంతటదే ఎక్కాలి. ఒకటిన్నర చుట్టు ఎక్కి బిగుసుకుంటే అది వేరే మర. స్పానర్ పెట్టి బలవంతం చేస్తే రెండూ పోతాయి.

నట్టు ఎంత బిగించాలి? బిగిస్తే స్టాండు కదలడం లేదు, వదిలితే ఊగుతోంది.

సైడ్ స్టాండు బోల్టును ముందు ఆట పూర్తిగా పోయేదాకా బిగించండి. తర్వాత స్టాండు సొంత బరువుతో కదిలేదాకా వెనక్కి తిప్పండి, సుమారు ఎనిమిదో వంతు చుట్టు. అక్కడ బోల్టును స్పానర్‌తో పట్టుకుని రెండో నట్టు వేసి లాక్ చేయండి. నైలాన్ ఉన్న నట్టయితే రెండోది అక్కర్లేదు, కానీ ఒకసారి విప్పిన నైలాన్ నట్టును మళ్లీ వాడొద్దు. దవడకూ చెవికీ మధ్య పక్క ఖాళీ ఉంటే దాన్ని బోల్టు బిగించి మూయకండి. దవడ వంగుతుంది. ఆ ఖాళీకి సరిపడే పలుచని ఇనుప వాషరు పెట్టండి.

మెయిన్ స్టాండు మధ్యలో గొట్టం లాంటి స్లీవు ఉన్న బళ్లలో లెక్క వేరు. నట్టు బిగింపు స్లీవు మీద పడాలి, స్టాండు స్లీవు మీద తిరగాలి. స్లీవు స్టాండు గొట్టం కంటే 0.2 నుంచి 0.3 మి.మీ. పొడుగ్గా ఉంటేనే అది కుదురుతుంది. బిగించగానే స్టాండు పట్టేస్తే స్లీవు అరిగి పొట్టిదైనట్టే.

స్టాపర్ రబ్బరు దొరకడం లేదు. ఏం పెట్టాలి?

పాత లారీ టైరు పక్క ముక్క గానీ, కన్వేయర్ బెల్టు ముక్క గానీ 8 నుంచి 10 మి.మీ. మందంలో కోసుకోండి. బెల్టు మేలు, లోపల గుడ్డ పొర ఉంటుంది కాబట్టి చినగదు. జిగురు పెట్టి అంటిస్తే వానలకు ఊడుతుంది. మధ్యలో రంధ్రం చేసి, తల లోపలికి దిగేలా చిన్న బోల్టుతో బిగించండి. బోల్టు తల పైకి ఉంటే స్టాండు రబ్బరుకు కాక దానికే కొట్టుకుంటుంది. మందం పెంచితే ఇంకా మంచిదని 15 మి.మీ. పెట్టకండి. స్టాండు కిందికి వేలాడి స్పీడు బ్రేకర్లకు, మలుపుల్లో రోడ్డుకు తగులుతుంది.

స్టాపర్ ఇనుమే అరిగి ఉంటే దాని మీద 3 మి.మీ. ముక్క వెల్డింగ్ చేయించి, తర్వాత రబ్బరు పెట్టండి.

స్ప్రింగు ఎక్కించడం నా వల్ల కావడం లేదు. సులువైన పద్ధతి ఉందా?

ఉంది, దీనికి బలం అక్కర్లేదు. స్ప్రింగు ఒక కొక్కేన్ని వైసులో బిగించండి. రెండో కొసను పట్టుకుని పక్కకు వంచండి. వంపు బయటి వైపు చుట్లు విచ్చుకుంటాయి. ఆ సందుల్లో ఒక్కొక్క రూపాయి బిళ్లో, 1.5 మి.మీ. వాషరో దూర్చండి. ఇప్పుడు రెండో పక్కకు వంచి, ఖాళీగా ఉన్న సందుల్లో ఇంకొన్ని దూర్చండి. పన్నెండు బిళ్లలు దూరితే స్ప్రింగు 18 మి.మీ. పొడుగవుతుంది. బిళ్లలు పళ్లలా బయటికి పొడుచుకు వచ్చి, ఒళ్లంతా చేప మొప్పల్లా కనిపిస్తుంది. స్టాండును పైకెత్తి పట్టుకుని రెండు కొక్కేలూ తగిలించండి, చేత్తోనే పడతాయి. తర్వాత స్టాండును నెమ్మదిగా దించితే స్ప్రింగు ఇంకా సాగి బిళ్లలన్నీ గలగలా రాలిపోతాయి. లెక్కపెట్టుకోండి. ఒకటి తక్కువైతే అది ఇంకా చుట్ల మధ్యే ఉంది.

కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయొద్దు. స్క్రూడ్రైవరుతో కొక్కేన్ని తోసే పద్ధతి కూడా వద్దు. జారితే ఆ స్ప్రింగు మొహానికే వస్తుంది.

మెయిన్ స్టాండు వేసినా వెనక చక్రం నేలకు తగులుతోంది.

పాదాలు అరిగి ఉంటాయి, లేదా కిందికి దించినప్పుడు ఆపే స్టాపర్ అరిగి కాళ్లు మరీ ముందుకు పోతుంటాయి. రెండోది అయితే బండిని పక్క నుంచి చూస్తే తెలుస్తుంది: కాళ్లు నిలువుకు కాస్త ముందుండాలి, బాగా ఏటవాలుగా ఉండకూడదు. పాదాలు అరిగితే 6 మి.మీ. ఇనుప పట్టీ ముక్కలు రెండింటికీ ఒకే కొలతలో వెల్డింగ్ చేయించండి. ఒకవైపే వేయిస్తే బండి కుంటుతుంది.

వెల్డింగ్‌కు ముందు స్టాండును కడప బండ మీద పెట్టి చూడండి. రెండు బోల్టు రంధ్రాల గుండా ఒక తిన్నని కడ్డీ దూర్చి, రెండు పాదాలూ బండకు తగిలించి, కడ్డీ రెండు కొసలూ బండకు ఎంత ఎత్తున ఉన్నాయో కొలవండి. 2 మి.మీ. మించి తేడా ఉంటే కాలు వంగినట్టు. ఎర్రగా కాల్చి వంచి, గాలికే చల్లారనివ్వండి. నీళ్లు పోస్తే పెళుసెక్కి విరుగుతుంది.

కొత్త టైర్లు వేశాక సైడ్ స్టాండు మీద బండి బాగా ఒరుగుతోంది.

స్టాండుకు ఏమీ కాలేదు. బుల్లెట్‌కు 3.25-19 తీసి 3.50-19 వేస్తే బండి సుమారు 6 మి.మీ. పైకి లేస్తుంది. వెనక షాక్‌లు పొడుగువి వేసినా అంతే. కాలు కింద 6 మి.మీ. మందం, 60 మి.మీ. పొడవు వెడల్పులు ఉన్న పళ్లెం వేయిస్తే రెండు పనులవుతాయి: ఒరుగుడు తగ్గుతుంది, వేసవిలో మెత్తబడ్డ తారు రోడ్డులో కాలు దిగబడదు. పళ్లెం ఏ కోణంలో అతకాలో బండిని ఒరిగించి సుద్దతో గీత గీసి చూసుకోండి. స్టాండు ముడిచినప్పుడు పళ్లెం దేనికీ తగలకూడదు.

బండి మీద ఉంచే వెల్డింగ్ చేయించవచ్చా?

విప్పి చేయించడమే మంచిది. ఫ్రేము చెవే విరిగి తప్పనిసరైతే పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టండి, బ్యాటరీ తీగలు రెండూ విప్పండి, ఆర్‌ఎక్స్ 100 లాంటి వాటికి సీడీఐ (స్పార్కును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) సాకెట్ కూడా ఊడదీయండి. కొన్ని పాత ఫ్రేముల్లో చెవులు పోత ఇనుపవి. మామూలు రాడ్డుతో వేసిన వెల్డింగు వాటికి పట్టినట్టే కనిపించి, పక్కనే సన్నగా చిట్లుతుంది. ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించాలి.

దారిలో స్ప్రింగు తెగింది. ఇంటిదాకా ఎలా?

మెయిన్ స్టాండయితే ట్యూబు పట్టీ నాలుగు చుట్లు చుట్టి ఫ్రేముకు కట్టండి. సైలెన్సరుకు దగ్గరైతే రబ్బరు కాలుతుంది, అక్కడ ఇనుప తీగ వాడండి. సైడ్ స్టాండయితే కట్టి నమ్మొద్దు. బోల్టు విప్పి స్టాండును సంచిలో వేసుకోండి. ఎడమ మలుపులో బండి ఒరిగినప్పుడు అది జారి కిందికి వస్తే రోడ్డులో గుచ్చుకుని బండిని ఎత్తి పడేస్తుంది.

సైడ్ స్టాండు మీద ఉంచి కిక్ కొట్టవచ్చా? బండి మీద కూర్చోవచ్చా?

రెండూ వద్దు.

గ్రీజు ఎప్పుడెప్పుడు?

ఇంజను ఆయిల్ మార్చిన ప్రతిసారీ. నిపుల్ ఉంటే పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి. లేకపోతే ఏడాదికోసారి బోల్టు విప్పి తుడిచి పూయండి, వానాకాలం ముందయితే మేలు. వాటర్ సర్వీసింగ్ చేయించిన రోజు సాయంత్రం స్టాండును పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, బోల్టు దగ్గర రెండు చుక్కల ఆయిల్ వేయండి. స్ప్రింగు కొక్కేలకు చెరో వేలిమొన గ్రీజు.